ఇంట్లో పెద్ద ఉప్పునీటి అక్వేరియం: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. మన రెండు జిల్లాల్లో వచ్చే సందేహాల్లో సగం "సముద్రం పక్కనే ఉంది కదా" అన్న మాటతోనే మొదలవుతాయి. నీళ్లు, ఇసుక, రాళ్లు, చేపలు అన్నీ అక్కడి నుంచే తెచ్చేసుకోవచ్చని అనిపించడం సహజం. కానీ అలా తెచ్చుకోదగ్గవి చాలా తక్కువ. కింద చెప్పిన లెక్కలన్నీ 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకుకు. మీది వేరే సైజైతే దానికి తగ్గట్టు లెక్కేసుకోండి.

## కొనకముందు

మొదటిసారే పెద్ద ట్యాంక్ పెట్టేయొచ్చా? చిన్నదానితో నేర్చుకుని పెద్దదానికి వెళ్లమంటున్నారు.

డబ్బు, చోటు ఉంటే పెద్దదే పెట్టండి. ఉప్పునీటిలో చిన్న ట్యాంకే కష్టం. వంద లీటర్ల ట్యాంకులో ఒక చేప చచ్చి రాయి వెనక పడి ఉంటే రాత్రికి రాత్రే అమ్మోనియా పెరుగుతుంది. ఆరు వందల లీటర్లలో అదే జరిగితే సర్దుకోడానికి మీకు టైం దొరుకుతుంది. ఎండకు వేడెక్కడం, నీళ్లు ఆవిరై ఉప్పదనం పెరగడం కూడా పెద్ద ట్యాంకులో నెమ్మదిగా జరుగుతాయి. పెద్దదానితో ఇబ్బంది ఖర్చు దగ్గరే. ట్యాంకు కొన్న రోజు పెట్టిన ఖర్చు కంటే ఆ తర్వాత నెలనెలా ఉప్పుకీ కరెంటుకీ అయ్యేది చూసుకుని దిగండి.

మేడ మీద హాల్లో పెట్టాలనుంది. శ్లాబ్ ఆగుతుందా?

ముందు బరువెంతో చూడండి. 24 ఘనపుటడుగులంటే దాదాపు 680 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోగా నీళ్లు 600 లీటర్ల దాకా పడతాయి. 12 ఎంఎం గాజే 120 కిలోలు దాటుతుంది. స్టాండు, రాళ్లు, ఇసుక, కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి మళ్లీ పైకెళ్లే రెండో తొట్టి) కలిపితే మొత్తం టన్ను దగ్గరకు వస్తుంది. ఇదంతా చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ చోటులోనే నిలబడాలి. ఇళ్లలో గదుల శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అలాగని పెట్టగానే కూలిపోతుందని కాదు. బీము మీదుగా, గోడ వెంబడి, బీములకు అడ్డంగా పెడితే బరువు పంచుకుంటుంది. కానీ ఆ బీము ఎక్కడుందో, లోపల ఎంత ఇనుముందో తెలిసిన ఇంజనీరు చూసి సరే అనాలి. పాత సున్నపు మిద్దెల మీద వద్దే వద్దు. కింది అంతస్తులో పెట్టుకునే వీలుంటే ఈ టెన్షనే ఉండదు.

ట్యాంకు ఊళ్లోనే గాజు షాపులో చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, కానీ చేసేవాళ్లు ఇంతకుముందు ఇంత పెద్ద ట్యాంకులు చేశారో లేదో అడగండి. రెండడుగుల ఎత్తుకు 12 ఎంఎం గాజు, పైన చుట్టూ అంచు పట్టీలు, మధ్యలో అడ్డపట్టీ ఉండాలి. అక్వేరియంకు పనికొచ్చే సిలికానే వాడాలి. బాత్రూముల్లో వాడే, బూజు పట్టని రకం సిలికాన్‌లో మందు ఉంటుంది కాబట్టి అది పనికిరాదు. అతికించాక వారమైనా ఆరనివ్వండి. తర్వాత బయటే అంచు దాకా నీళ్లు నింపి రెండు మూడు రోజులు చూడండి.

స్టాండు సమంగా ఉందో లేదో కంటితో తేలదు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం పట్టుకుని నాలుగు మూలలూ చూడండి. ఒక మూల కాస్త పల్లంగా ఉన్నా ఆ బరువంతా ఒక అతుకు మీదే పడుతుంది. ఇనుప స్టాండైతే వెల్డింగ్ అతుకుల దగ్గర ఎపాక్సీ పెయింట్ రెండు పూతలు వేయించండి. మామూలు పెయింటైతే ఈ ఉప్పుగాలికి, పైనుంచి చిందే ఉప్పునీళ్లకు ఏడాది తిరక్కుండానే తుప్పు పొంగుతుంది.

కింద సంప్ తప్పనిసరా? కరెంట్ పోతే నీళ్లన్నీ నేల మీదకు రావా?

ఈ సైజుకు సంప్ ఉండాల్సిందే. ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో నీళ్లలో మురికి తీసే పరికరం), హీటర్ లాంటివన్నీ అందులో దాగుతాయి. ట్యాంకులో నీటిమట్టం కూడా ఒకేలా ఉంటుంది.

పొంగడం గురించి మీ భయంలో అర్థముంది. మోటారు ఆగగానే పై ట్యాంకులో ఓవర్‌ఫ్లో అంచుకు పైనున్న నీళ్లన్నీ కిందికి దిగుతాయి. ఈ ట్యాంకులో ఒక్క అంగుళం దిగితే 28 లీటర్లు. రెండంగుళాలంటే 57, పైగా పైపుల్లో ఉన్నది. 3 × 1.5 × 1.5 అడుగుల సంప్‌లో 190 లీటర్లు పడతాయి. దాన్ని సగానికే నడిపితే దిగే నీళ్లకు చోటుంటుంది. నీళ్లు పైకి తోసే పైపు నోటి దగ్గర, నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం పెట్టించండి. లేకపోతే ఆ పైపే తిరిగి నీళ్లు లాగేస్తుంది. చేపలు వేయకముందే స్విచ్ ఆపి చూడండి, ఒకసారి చూసి వదిలేయకండి.

## నీళ్లు, ఉప్పు

కళింగపట్నం మాకు అరగంట దారి. సముద్రపు నీళ్లే తెచ్చి పోస్తే ఉప్పు ఖర్చు మిగలదా?

మిగులుతుంది, కానీ ఆ నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు. కళింగపట్నం దగ్గరే వంశధార కలుస్తుంది, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి. వానాకాలంలో ఈ నదులు పొంగితే ఒడ్డు దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది, బురద, పొలాల మందులు కలుస్తాయి. బంగాళాఖాతం పైభాగం అసలే మిగతా సముద్రాల కంటే ఉప్పు తక్కువ. వాన తగ్గాక కూడా ఆ పల్చని నీళ్లు తీరం వెంబడి కిందికి దిగుతూ ఉంటాయి.

తేవాలనే పట్టుదల ఉంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో, నదీ ముఖాలకూ ఊళ్లకూ ఫ్యాక్టరీలకూ దూరంగా, అలలు విరిగే చోటు దాటి పడవ మీద వెళ్లి తెచ్చుకోండి. గుడ్డతో వడగట్టి, చీకట్లో కొన్నాళ్లు నిల్వ ఉంచి, కొలిచి వాడండి. ఆరు వందల లీటర్లంటే ఆరు వందల కిలోలకు పైమాటే, అదీ ప్రతి నెలా కొంచెం కొంచెం మోయాలి. ఒక్క వేసవి తర్వాత ఎక్కువమంది డబ్బా ఉప్పుకే వచ్చేస్తారు.

మన నౌపడా ఉప్పు కూడా సముద్రపు ఉప్పే కదా! అది కలుపుకుంటే చాలదా?

చాలదు. ఉప్పు మడిలో నీళ్లు ఎండుతున్నప్పుడు అన్నీ కలిసి ఒకేసారి గడ్డకట్టవు. ముందు సున్నపు పదార్థాలు, తర్వాత జిప్సం అడుగున పేరుకుంటాయి. నీళ్లు పదో వంతుకు దగ్గర పడ్డాక మనం తినే ఉప్పు పలుకులు కడుతుంది. దాన్ని తీసేసి మిగిలిన చేదు నీళ్లను వదిలేస్తారు. మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఆ నీళ్లలోనే పోతాయి. మన చేతికొచ్చేది దాదాపుగా సోడియం క్లోరైడ్ ఒక్కటే. కూరకు అది బాగుంటుంది. పగడానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి, నీళ్ల పీహెచ్ నిలబడాలంటే కార్బొనేట్లు కావాలి. అందుకే అక్వేరియం కోసం తయారుచేసిన ఉప్పే కొనాలి.

బోరు నీళ్లు వాడొచ్చా? లేకపోతే మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించమంటారా?

బోరు నీళ్లు వద్దు. నైట్రేట్, సిలికా, ఇనుము ఏ వీధిలో ఎంతుంటుందో చెప్పలేం. 20 లీటర్ల క్యాన్ల లెక్కన మొదటిసారి నింపడానికే 30 క్యాన్లు కావాలి. పైగా వాటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) ఒక్కో లోడుకు ఒక్కోలా ఉంటుంది. ఇంట్లో ఆర్వో పెట్టుకుని, చివర్లో డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ (మిగిలిన లవణాల్ని పీల్చుకునేది) బిగించుకోండి. టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. గంటకు 15 లీటర్లిచ్చే మెషీనైతే ఆరు వందలు పట్టడానికి 40 గంటలు. బయటికి పోయే నీళ్లు వాకిలి కడగడానికీ బట్టలకీ వాడుకోండి.

ఉప్పు ఎంత కలపాలి? సరిగ్గా కలిసిందని ఎలా తెలుస్తుంది?

లీటరుకు 36 గ్రాముల చొప్పున మొదలుపెట్టండి. ఆరు వందల లీటర్లకు 21, 22 కిలోలు పడుతుంది. కంపెనీని బట్టి కాస్త మారుతుంది, డబ్బా మీద చూడండి. నీళ్లలోకి ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే సున్నం తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది. చిన్న మోటారు పెట్టి ఒక రోజు తిప్పాక కొలవండి. 35 పీపీటీ (వెయ్యి గ్రాముల నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) రావాలి, సాంద్రతలో చెప్పాలంటే 1.025 నుంచి 1.026.

కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి. రొయ్యల చెరువుల వాళ్లు వాడేది ఇదే కాబట్టి ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. కాకపోతే ఉత్త నీళ్లతో సున్నాకు సర్ది వదిలేయకుండా, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. మొదటిసారి, ఏ ప్రాణీ లేనప్పుడు, ట్యాంకులోనే కలపొచ్చు. ఆ తర్వాత ఎప్పుడైనా విడిగా డ్రమ్ములో కలపాలి.

## రాళ్లు, ఇసుక, అమరిక

బీచ్ ఇసుక కడిగి వేసుకుంటే ఏమవుతుంది?

అల వెనక్కి తగ్గాక మన బీచుల్లో నల్లటి చారలు కనిపిస్తాయి చూశారా? అవి ఇల్మెనైట్, గార్నెట్, మ్యాగ్నెటైట్ లాంటి బరువు ఖనిజాలు. మిగతాది ఎక్కువగా సిలికా. ఈ ఇసుక పీహెచ్‌కు ఏమీ సాయం చేయదు. అంతకంటే పెద్ద చిక్కు గాజు తుడిచే అయస్కాంతంతో వస్తుంది. నల్ల గింజలు దానికి అంటుకుని, మీరు తుడిచిన ప్రతిసారీ గాజు మీద గీతలు పెడతాయి. ఆ గీతలు ఇక పోవు. ఒకటి రెండు మిల్లీమీటర్ల అరగొనైట్ ఇసుక కొనండి, అంగుళంన్నర మందం చాలు.

టెక్కలి గ్రానైట్ ముక్కలు ఊరికే దొరుకుతాయి. అవి పేర్చొచ్చా?

నీళ్లను పెద్దగా పాడుచేయవు, కానీ ఉపయోగమూ లేదు. ఉప్పునీటి ట్యాంకులో రాయి అందం కోసం మాత్రమే కాదు, బాక్టీరియా కాపురముండేది రాతి లోపలి రంధ్రాల్లోనే. గ్రానైట్ గట్టిగా, రంధ్రాల్లేకుండా, బాగా బరువుగా ఉంటుంది. కొండల మీద దొరికే ఎర్రటి ఖోండలైట్ రాయి ఇంకా వద్దు, అందులోంచి ఇనుము దిగుతుంది.

మరి సముద్రంలో దొరికే పగడపు రాళ్లు, లైవ్ రాక్ (బాక్టీరియా, చిన్న ప్రాణులు పట్టిన రాయి) తెచ్చుకుంటే?

వద్దు. ఇది నీళ్ల సంగతి కాదు, కేసు సంగతి. గట్టి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలూ (సీ ఫ్యాన్ పగడాలు) వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద 2001 నుంచి షెడ్యూల్ 1లో ఉన్నాయి. చచ్చిన పగడపు ముక్కకూ మినహాయింపు లేదు. సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. జాలరి తెలిసినవాడే, చవగ్గా ఇస్తానన్నాడనో, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనో నేరం నేరం కాకుండా పోదు.

తయారుచేసిన సెరామిక్ రాళ్లు, సిమెంటు రీఫ్ రాళ్లు దొరుకుతాయి. ఈ ట్యాంకుకు తేలికపాటివి 30 నుంచి 40 కిలోలు సరిపోతాయి. పగడాల సరదా తీరాలంటే మష్‌రూమ్, జోయాంథిడ్, లెదర్ లాంటి మెత్తని రకాలు చూడండి. అప్పుడు కూడా బిల్లు అడిగి తీసుకుని దాచుకోండి.

రాళ్లు ఎలా పేరిస్తే అందంగా ఉంటుంది? నేను పేర్చినప్పుడల్లా గోడలా వస్తోంది.

రాళ్లు ఎక్కువైతే గోడే వస్తుంది. కొన్నవన్నీ పెట్టేయాలని ఏమీ లేదు.

ముందు ట్యాంకు బయట పని మొదలుపెట్టండి. నేల మీద ట్యాంకు కొలతకు అట్టపెట్టె ముక్క పరిచి, అంచులన్నిటి నుంచి నాలుగంగుళాలు లోపలికి గీత గీయండి. రాయి ఆ గీత దాటకూడదు. గాజు తుడవడానికి చెయ్యి తిరగాలంటే, వెనక చెత్త పేరుకోకుండా నీళ్లు తిరగాలంటే ఆ ఖాళీ కావాలి. ఇప్పుడు ఎడమవైపు ఒక పెద్ద దిబ్బ, కుడివైపు చిన్న దిబ్బ కట్టండి. రెండూ ఒకే ఎత్తులో ఉండకూడదు. పెద్దది నీటిమట్టంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. మధ్యలో ఇసుక కనిపించే ఖాళీని సరిగ్గా నడిమికి రానీయకండి. ఆ దారి ముందు వెడల్పుగా మొదలై వెనక్కి సన్నబడితే రెండడుగుల లోతు ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. నాకైతే ఆ ఖాళీయే ట్యాంకులో అన్నిటికంటే ముందు కంటికి ఆనేది.

ఒక్కో దిబ్బలో కనీసం ఒక సొరంగం, పైన ఒక బల్లపరుపు చోటు ఉండాలి. చేప దూరి దాక్కోడానికి సొరంగం, పగడం అతికించడానికి బల్లపరుపు. అటూ ఇటూ ఫోన్ పెట్టి ఫొటో తీసి చూడండి, కంటికి కనిపించని వంకరలు ఫొటోలో దొరికిపోతాయి. తృప్తిగా రాకపోతే విప్పేయండి, రెండు రోజులు హాల్లోనే ఉండనివ్వండి. ఇంట్లో తిట్లు తప్పవు, కానీ నీళ్లు పోశాక మార్చడం కంటే ఇదే నయం.

పేర్చినవి కూలిపోకుండా ఎలా నిలబెట్టాలి?

నిలబడుతున్నట్టు కనిపించే రాయి కూడా నిలబడదు, అతికించాల్సిందే. రెండు రాళ్లు తాకే చోట రాతిపొడి చిటికెడు నింపి, పల్చటి సూపర్ గ్లూ (ఫెవిక్విక్ రకం) చుక్కలు వేయండి. సన్నగా పొగ లేచి క్షణాల్లో గట్టిపడుతుంది. ఆ పొగ పీల్చకుండా కిటికీ తీసి చేయండి. బరువు మోసే చోట రంధ్రం వేసి ఫైబర్ గ్లాస్ కడ్డీ దూర్చి, పైన ఎపాక్సీ పుట్టీ పెట్టండి. ఇనుప తీగ, రాగి తీగ అసలు వాడొద్దు.

రాళ్లు ముందా, ఇసుక ముందా?

రాళ్లే ముందు. ట్యాంకు అడుగున గాజు మీద నేరుగా కూర్చోవాలి, కింద మాత్రం పలచని ప్లాస్టిక్ జాలీ వేయొచ్చు. ఇసుక మీద కట్టిన రాయి కింద గోబీ చేప, పిస్టల్ రొయ్య తవ్వడం మొదలుపెడితే దిబ్బ ఒరిగి గాజును కొడుతుంది.

## చేపలు వేసే ముందు, వేశాక

నీళ్లు తళతళలాడుతున్నాయి. ఇంకా చేపలు ఎందుకు వేయొద్దంటున్నారు?

తళతళలాడే నీళ్లలో కూడా అమ్మోనియా ఉంటుంది. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. రెండూ పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియం క్లోరైడ్ కాసింత, లేదా పచ్చి రొయ్య ముక్క ఒకటి వేసి, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. అమ్మోనియా వేసిన మర్నాటికల్లా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తున్నాయంటే ట్యాంకు సిద్ధమైనట్టే. రొయ్యల చెరువులో వేసే ప్రోబయోటిక్ వేస్తే చాలంటారు కొందరు. సీసాలో ఏ బాక్టీరియా ఉందో తెలియనప్పుడు నమ్మకండి.

రాళ్లూ ఇసుకా గోధుమరంగు తిరిగాయి. పాడైపోయిందా?

లేదు. కొత్త ట్యాంకులన్నిటికీ వస్తుంది. ముందు గోధుమరంగు డయాటమ్‌లు (సూక్ష్మమైన నాచు), తర్వాత పచ్చనాచు, కొన్నిచోట్ల ఎర్రటి జిగురు పొర. నత్తలు వేసి, లైటు ఎనిమిది గంటలకు మించకుండా, మేత తగ్గించి ఓపిక పట్టండి. ఈ దశలో మందులు పోసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మొదట ఏ చేపలు వేయాలి?

హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట. మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) వాళ్లు వీటిని హేచరీలో పెంచే పద్ధతి తీర్చిదిద్దారు. పట్టి తెచ్చిన చేపల కంటే ఇవి మేతకు త్వరగా అలవాటు పడతాయి. తర్వాత కార్డినల్, గోబీ, బ్లెన్నీ. చవగ్గా వస్తుందని డామ్సెల్ ముందు వేస్తే ట్యాంకంతా దానిదే అంటుంది, తర్వాత వచ్చినవాటిని కొరికి చంపుతుంది. టాంగ్ లాంటి ఈదే చేపలకు ఈ ఆరడుగుల పొడవు కావాలి, అదీ చివర్లో వేయండి. వలలో పడ్డ పిల్ల చేపల్ని తెచ్చి వేయకండి. వలకు ఒరుసుకుని దెబ్బతిని ఉంటాయి, రోగాలు తెస్తాయి, వాటిలో చాలావరకు పెద్దయ్యాక మిగతావాటిని మింగేవే.

చెన్నై నుంచి పార్సిల్ వచ్చింది. సంచిని గంటలకొద్దీ చుక్కచుక్కగా కలపాలా?

రాత్రంతా ప్రయాణం చేసిన సంచిలో అది చేయొద్దు. మూసి ఉన్న సంచిలో పీహెచ్ తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడి అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి తెరిచి గాలి తగలగానే పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషమవుతుంది. సంచిని తెరవకుండా పావుగంట, ఇరవై నిమిషాలు నీళ్లలో తేలనిచ్చి, ఉప్పదనం కొలిచి, తేడా కొద్దిగానే ఉంటే చేపను వెంటనే క్వారంటైన్ తొట్టిలోకి మార్చండి. సంచి నీళ్లు ట్యాంకులోకి పోనీయకండి.

చేప మీద తెల్లచుక్కలు. ట్యాంకులోనే మందు వేసేయనా?

రాగి మందు పెద్ద ట్యాంకులో వేయకండి. రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి, రాళ్లు రాగిని పీల్చుకుంటాయి. చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి తీసి అక్కడ వైద్యం చేయాలి. పెద్ద ట్యాంకును చేపల్లేకుండా 76 రోజులు ఉంచమని అనుభవజ్ఞులు చెబుతారు, ఆ చుక్కలకు కారణమైన పురుగు చేప దొరక్క చావాలి. ఇంత తతంగం వద్దనుకుంటే కొన్న ప్రతి చేపనూ నెల రోజులు విడిగా ఉంచండి.

## ఎండలు, కరెంటు, రోజువారీ పని

మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు చూపిస్తున్నాయి. ఫ్యాన్ పెడితే చాలదా?

ఫ్యాన్ నీళ్లను ఆవిరి చేసి చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న మన తీరంలో రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. మనకు కావాల్సింది 25, 26. వేడి నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువ. చిల్లర్ కొనక తప్పదు. 300 వాట్ల చిల్లర్ రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 108 యూనిట్లు. అది వదిలే వేడి అదే గదిలో తిరక్కుండా కిటికీ వైపు పెట్టండి. ట్యాంకు మీద ఎండ పడే చోటు మొదటే ఎంచుకోకండి.

తుఫానొచ్చి రెండ్రోజులు కరెంటు లేకపోతే?

ఈ ప్రశ్న మన దగ్గర ఊహ కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటప్పుడు చేపల్ని ముందు చంపేది వేడి కాదు, ఆకలి కాదు, ఆక్సిజన్ లేకపోవడం. నీళ్ల పైపొర కదులుతూ ఉండాలి. కాబట్టి ఇన్వర్టర్ మీద పెద్ద మోటారు, చిల్లర్, లైటు పెట్టకండి. 20 వాట్ల వేవ్ మేకర్ (నీళ్లను కదిపే చిన్న మోటారు) ఒక్కటి పెట్టండి. 150 ఏహెచ్ బ్యాటరీలో వాడుకోదగ్గది వెయ్యి వాట్ అవర్లకు పైనే ఉంటుంది కాబట్టి, ఇన్వర్టర్ తినేది పోనూ ఒక రోజుకు పైగా లాగొచ్చు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు రెండు విడిగా ఉంచుకోండి. కరెంటు లేనన్నాళ్లూ మేత వేయొద్దు. స్విచ్‌బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగ్ తప్పనిసరి. వైరు సాకెట్‌కు వచ్చేముందు కిందికి వంగి పైకి వెళ్లేలా కట్టండి, నీటి చుక్క వైరు వెంట జారినా ఆ వంపులోనే కింద పడుతుంది.

నీళ్లు రోజూ తగ్గిపోతున్నాయి. ఉప్పునీళ్లే పోయాలా?

కాదు, ఉత్త ఆర్వో నీళ్లు. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. మీరు ఉప్పునీళ్లు పోస్తూ పోతే వారానికే ఉప్పదనం పెరుగుతుంది. ఆటోమేటిక్ టాప్ అప్ పెట్టుకుంటే రోజూ చూసే పని ఉండదు.

నీళ్లు ఎన్నాళ్లకు మార్చాలి? తీసినవి కొబ్బరిచెట్టుకు పోయొచ్చా?

రెండు వారాలకు పది పదిహేను శాతం. అలవాటయ్యాక నైట్రేట్ 20 పీపీఎంకి మించకుండా ఉంటే సరిపోతుంది, లేకపోతే ఎక్కువ మార్చండి. కొబ్బరికి ఉప్పు వేసే అలవాటు మనకుంది గానీ, నెలకు వంద లీటర్లకు పైగా ఒకే చెట్టు మొదట్లో పోస్తే పక్కనున్న కరివేపాకు, నిమ్మ ఎండిపోతాయి. బాత్రూం డ్రైనేజీలోకి వదిలేయండి. బావి ఉన్న వాకిట్లో మాత్రం అసలు పోయకండి.

పండక్కి నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. చేపలకు ఎవరిని పెట్టాలి?

ఎవర్నీ వద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. పక్కింటివాళ్లకు డబ్బా అప్పగిస్తే ప్రేమ కొద్దీ రెండు చెంచాలు వేసి అమ్మోనియా పెంచేస్తారు. మరీ మనసొప్పకపోతే ఆటో ఫీడర్ పెట్టండి, లేదా ఒక్కో రోజుకూ చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి తేదీ రాసి ఇవ్వండి, మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయండి. వాళ్లకు చెప్పాల్సిన పని ఒక్కటే: రోజూ ఒకసారి లోపలికెళ్లి మోటారు చప్పుడు వినిపిస్తోందో లేదో చూసి మీకు ఫోన్ చేయడం.